లాన్ కేబుల్ పెట్టినా కంప్యూటర్‌లో నెట్ నెమ్మదిగా ఉందా? ఎక్కడ ఆగుతోందో ఇలా పట్టుకోండి

ఇంటికి 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నారు. ఫోన్‌లో వైఫై మీద స్పీడ్ టెస్ట్ పెడితే 250 దాటుతోంది. లాన్ కేబుల్‌తో రౌటర్‌కి కలిపిన కంప్యూటర్‌లో మాత్రం 94 దగ్గర ఆగిపోతోంది. పొద్దున పెట్టినా అంతే, అర్ధరాత్రి పెట్టినా అంతే. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే రౌటర్ రీస్టార్ట్ చేయమంటారు. చేస్తారు. మళ్లీ 94.

ఈ 94లోనే సగం జవాబు ఉంది. ఈథర్‌నెట్ (లాన్ కేబుల్ మీద నడిచే) లింక్ 100 ఎంబీపీఎస్‌కి కుదిరినప్పుడు ప్యాకెట్ల, అంటే డేటా ముక్కల, హెడర్లకూ, ప్యాకెట్ల మధ్య వదిలే ఖాళీలకూ పోగా అసలు డేటాకి మిగిలేది 94, 95 మాత్రమే. అంటే బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ బాగానే ఉంది. మీ ఇంట్లోనే, రౌటర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య ఉన్న కొద్ది దూరంలో, ఏదో ఒకటి వెయ్యికి బదులు వందకి దిగిపోయింది.

అన్ని కేసులూ ఇంత సూటిగా తేలవు. అయినా పద్ధతి ఒకటే. కంపెనీ నుంచి ఫైబర్ బాక్స్ దాకా ఒక ముక్క, బాక్స్ నుంచి రౌటర్ దాకా ఇంకో ముక్క, రౌటర్ నుంచి కేబుల్ మీద కంప్యూటర్ దాకా మూడోది, కంప్యూటర్ లోపల జరిగేది నాలుగోది. ఏ ముక్కలో ఆగుతోందో తేలేదాకా దేన్నీ మార్చకండి. డీఎన్‌ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టే సేవ) మార్చడంతోనో, విండోస్ మళ్లీ ఎక్కించడంతోనో మొదలుపెడితే రోజులు పోతాయి. చివరికి చూస్తే లోపం గజం పొడవున్న కేబుల్‌లో ఉంటుంది.

ముందు సరిగ్గా కొలవండి

చాలామంది ఫిర్యాదు యూనిట్ల దగ్గరే తేలిపోతుంది. ప్లాన్‌లో ఎంబీపీఎస్ అని చెప్పేది సెకనుకి మెగాబిట్లు. బ్రౌజర్ డౌన్‌లోడ్ విండోలో కనబడేది మెగాబైట్లు. ఒక బైట్‌కి ఎనిమిది బిట్లు కాబట్టి 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో సెకనుకి 11, 12 మెగాబైట్లు వస్తుంటే మీకు రావాల్సింది వస్తోంది.

కొలిచే ముందు కంప్యూటర్‌లో వైఫై ఆపేయండి. ల్యాప్‌టాప్‌లో రెండూ ఆన్‌లో ఉంటే, కేబుల్ మీద కొలుస్తున్నామనుకుని వైఫైని కొలిచే అవకాశం ఉంది. వీపీఎన్ ఉంటే ఆపండి. ఇంట్లో టీవీలో సినిమా, పిల్లల ఫోన్లలో వీడియోలు కాసేపు ఆపమనండి. తర్వాత స్పీడ్ టెస్ట్ పెట్టి మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి: డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ (సర్వర్ నుంచి జవాబు రావడానికి పట్టే సమయం). పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి కొలవండి. రోజంతా ఒకే అంకె దగ్గర ఆగితే లోపం చాలావరకు ఇంట్లో ఉంది. రాత్రిపూట మాత్రమే పడిపోతుంటే కంపెనీ వైపు రద్దీని అనుమానించాలి.

టెస్ట్ సర్వర్‌ని కూడా ఒకసారి మార్చి చూడండి. హైదరాబాద్ సర్వర్‌తో ఒకసారి, చెన్నై లేదా ముంబై సర్వర్‌తో ఇంకోసారి. దగ్గరి సర్వర్‌తో బాగుండి దూరపు వాటితో మాత్రమే నెమ్మదిస్తే అది వేరే రకం సమస్య. దాని సంగతి కంప్యూటర్ లోపలి సెట్టింగ్‌ల దగ్గర చెబుతాను. ప్లాన్ 500 దాటి ఉంటే బ్రౌజర్‌లో పెట్టే టెస్ట్‌ని పూర్తిగా నమ్మకండి. పాత ప్రాసెసర్ మీద బ్రౌజరే అడ్డవుతుంది. ఆ స్పీడ్ టెస్ట్ నడిపేవాళ్ల యాప్ ఎక్కించి కొలవండి.

లింక్ స్పీడ్ చూడండి

ఈ మార్గదర్శిలో ఒక్క పనే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లి, ఈథర్‌నెట్ మీద నొక్కండి. కింద లింక్ స్పీడ్ అని ఉంటుంది. విండోస్ 10లో కంట్రోల్ ప్యానెల్‌లోని నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్‌కి వెళ్లి ఈథర్‌నెట్ మీద నొక్కితే వచ్చే చిన్న విండోలో స్పీడ్ అని కనబడుతుంది. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, నెట్‌వర్క్, ఈథర్‌నెట్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ అన్న వరసలో వెళ్లాలి. లినక్స్ వాడేవాళ్లకి ఈథ్‌టూల్ అనే కమాండ్ ఉంది.

ఇది ఇంటర్నెట్ వేగం కాదని గుర్తుంచుకోండి. మీ కంప్యూటర్ పోర్టూ, కేబుల్ అవతలి చివర ఉన్న పోర్టూ మాట్లాడుకుని ఒప్పుకున్న వేగం ఇది. 1000 అని గానీ, 1.0 జీబీపీఎస్ అని గానీ ఉంటే కేబుల్ వరకు దాదాపు నిశ్చింత. 2500 ఉంటే రెండు వైపులా కొత్త పోర్టులున్నాయని అర్థం. 100 ఉండి మీ ప్లాన్ 100 కన్నా ఎక్కువైతే దొంగ దొరికినట్టే. 10 అని ఉంటే కేబుల్‌లో గానీ, జాక్‌లో గానీ, పోర్టులో గానీ గట్టి లోపం ఉంది. ప్లాన్ 40, 50 ఎంబీపీఎస్ అయితే 100 లింక్ మీకు అడ్డు కాదు, ఆ భాగం వదిలేసి ముందుకెళ్లండి.

లింక్ 100 దగ్గర ఆగితే: పోర్టులు

కేబుల్ మీద నింద వేసే ముందు రెండు చివర్లా ఉన్న పోర్టులకి వెయ్యి అందుకునే శక్తి ఉందో లేదో చూడాలి. తక్కువ ధర రౌటర్లు చాలావాటిలో వైఫై పేరు మీద 1200 అని పెద్దక్షరాల్లో రాసి ఉన్నా, వెనక లాన్ పోర్టులు 100వే ఉంటాయి. మోడల్ నంబర్ పట్టుకుని తయారీదారు సైట్‌లో చూస్తే 10/100 అనో, 10/100/1000 అనో స్పష్టంగా రాసి ఉంటుంది. 10/100 అయితే ఆ రౌటర్ మార్చడం తప్ప దారి లేదు.

ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే ఓఎన్‌టీ బాక్సుల్లో ఇంకో మెలిక ఉంది. వెనక ఉన్న పోర్టులన్నీ ఒకటే అనుకుంటాం. చాలా బాక్సుల్లో ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి 100వి. బాక్సు కింద స్టిక్కర్ మీద జీఈ, ఎఫ్‌ఈ అని రాసి ఉంటే జీఈ అన్నది వెయ్యి, ఎఫ్‌ఈ అన్నది వంద. సాధారణంగా లాన్ 1 అన్నదే గిగాబిట్ అవుతుంది. రంగు తేడాగా ఉన్న పోర్టు కూడా అదే కావచ్చు. ఇన్‌స్టాల్ చేయడానికి వచ్చినతను చేతికి అందిన పోర్టులో కేబుల్ పెట్టి వెళ్లిపోతే, నెలల తరబడి 94తో సర్దుకున్న ఇళ్లున్నాయి. కేబుల్ తీసి పక్క పోర్టులో పెట్టి లింక్ స్పీడ్ మళ్లీ చూడండి. పైసా ఖర్చు లేదు. ఓఎన్‌టీకి విడిగా రౌటర్ తగిలించి ఉంటే, ఆ రెంటినీ కలిపే చిన్న కేబుల్ కూడా గిగాబిట్ పోర్టులోనే ఉండాలి. అక్కడ 100కి దిగితే ఇల్లంతా, వైఫైతో సహా, 94కి దిగుతుంది. ఫోన్లో కూడా 94 దాటకపోతే మొదట చూడాల్సిన చోటు ఇదే.

కంప్యూటర్ వైపు సంగతి. డివైస్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద పేరు చదవండి. రియల్‌టెక్ చిప్ అయితే పేరులో జీబీఈ అని ఉంటే గిగాబిట్, ఎఫ్‌ఈ అని ఉంటే వంద. చౌక ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ఇప్పటికీ ఎఫ్‌ఈ చిప్పే వస్తోంది. అలాంటిదానికి యూఎస్‌బీ 3 గిగాబిట్ అడాప్టర్ కొనుక్కుంటే సరిపోతుంది. దాన్ని యూఎస్‌బీ 3 పోర్టులోనే పెట్టాలి. యూఎస్‌బీ 2 వేగం కాగితం మీద 480 అయినా వాడకంలో 300 దాటడం కష్టం. కొనేటప్పుడు అట్ట మీద గిగాబిట్ అన్న మాట ఉందో లేదో చదవండి, ఆ ఆకారంలోనే 100వి కూడా అమ్ముతారు.

మధ్యలో పాత నెట్‌వర్క్ స్విచ్ (లాన్‌ని చాలా పరికరాలకి పంచే బాక్సు) ఏదైనా ఉంటే అదీ 100ది కావచ్చు. ఒక కేబుల్‌ని రెండుగా చీల్చే చిన్న స్ప్లిటర్లు దొరుకుతాయి, జతగా రెండు చివర్లా పెట్టుకునేవి. వాటితో ఒక్కో కంప్యూటర్‌కి సగం వైర్లే అందుతాయి కాబట్టి 100 దాటడం అసాధ్యం. వాటిని తీసేసి గిగాబిట్ స్విచ్ పెట్టుకోండి.

లింక్ 100 దగ్గర ఆగితే: కేబుల్

లాన్ కేబుల్‌లో ఎనిమిది వైర్లు, రెండేసి మెలేసి నాలుగు జంటలుగా ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కి రెండు జంటలు చాలు: జాక్‌లో 1, 2, 3, 6 పిన్నులకి వెళ్లేవి. 1999లో ప్రమాణంగా వచ్చిన గిగాబిట్ ఈథర్‌నెట్‌కి నాలుగు జంటలూ కావాలి. అందుకే 4, 5, 7, 8లో ఏ ఒక్క వైరు తెగినా, పిన్ను సరిగ్గా తగలకపోయినా నెట్ ఆగిపోదు. చప్పుడు లేకుండా వందకి దిగిపోతుంది. లైట్ వెలుగుతుంది, పేజీలు తెరుచుకుంటాయి, వీడియోలు ఆడతాయి. ఎక్కడా ఎర్రర్ రాదు. ఈ లోపం ఏళ్లపాటు ఎవరి కంటా పడకుండా ఉండిపోయేది ఇందుకే.

పరీక్ష చాలా తేలిక. బాగుందని తెలిసిన చిన్న కేబుల్ ఒకటి తెచ్చి, కంప్యూటర్‌ని రౌటర్ దగ్గరికి తీసుకెళ్లి నేరుగా కలపండి. డెస్క్‌టాప్ అయితే మోయడం కష్టం, ల్యాప్‌టాప్ ఏదైనా తీసుకుని పాత కేబుల్‌తో ఒకసారి, కొత్త కేబుల్‌తో ఒకసారి లింక్ స్పీడ్ చూడండి. కొత్తదానితో 1000 వచ్చి పాతదానితో 100 వస్తే తేలిపోయింది.

కేబుల్ తొడుగు మీద అచ్చు చదవండి. క్యాట్ 5ఈ అని ఉంటే గిగాబిట్‌కి చాలు. క్యాట్ 6 ఇంకా మంచిది. ఇంటి అవసరానికి క్యాట్ 7, క్యాట్ 8 అని అమ్మే ఖరీదైనవి అక్కర్లేదు, ఆ డబ్బుతో మంచి క్యాట్ 6 కొనండి. పొడవు పరిమితి 100 మీటర్లు కాబట్టి ఇంట్లో ఆ బెంగ లేదు. చూడాల్సింది లోపలి లోహం. అచ్చులో సీసీఏ అని ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం. వైరు కొసను బ్లేడుతో గీకితే లోపల వెండి రంగు కనబడుతుంది. ధర తక్కువే కానీ నిరోధం ఎక్కువ, నాలుగుసార్లు వంచితే లోపల తెగుతుంది, జాక్‌లో పట్టు త్వరగా వదులవుతుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ మార్కెట్లో అయినా, మీ ఊరి ఎలక్ట్రికల్ షాపులో అయినా, పూర్తి రాగి కేబుల్ కావాలని నోరు తెరిచి అడగండి. గోడలో వేయించేదైతే ఈ విషయంలో రాజీ పడకండి, మళ్లీ తీయడం చేతకాదు.

జాక్ క్రింప్ చేసిన (వైర్లని జాక్‌లో పెట్టి నొక్కి బిగించిన) తీరులో ఉండే లోపాలు ఇంకా ఎక్కువ. క్లిప్ కిందికి, పిన్నులు పైకి, వైర్లు మీ వైపు నుంచి లోపలికి వెళ్లేలా జాక్ పట్టుకుంటే, ఎడమ నుంచి వరస ఇలా ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివర్లా ఇదే వరస. నాలుగో చోట ఆకుపచ్చ కాక నీలం రావడం, ఆకుపచ్చ ఆరో చోటికి పోవడం చూసి కొంతమంది ఇది పొరపాటనుకుంటారు. ఒక రంగు పక్కన దాని జత, ఆ పక్కన ఇంకో జత అని వరసగా పేర్చేసి, రెండు చివర్లా అలాగే ఉంది కదా అంటారు. లైట్లు వెలిగే చౌక టెస్టర్ పెడితే ఎనిమిదీ సరిగ్గా వెలుగుతాయి, ఎందుకంటే ప్రతి పిన్నూ అవతలి పిన్నుకి తగిలింది. కానీ సిగ్నల్ 3, 6 పిన్నుల మీద ఒక జతగా వెళ్తుంది. ఆ రెండు వైర్లూ కలిసి మెలేసి లేకపోతే పక్క జంటల గోల అంతా అందులోకి ఎక్కుతుంది. కేబుల్ గజం పొడవుంటే పని చేస్తుంది, పదిహేను మీటర్లయ్యేసరికి వందకి దిగుతుంది లేదా ప్యాకెట్లు పోతాయి. కాబట్టి టెస్టర్ లైట్లని మాత్రమే నమ్మకుండా రంగుల వరస కళ్లారా చూడండి. జాక్ దగ్గర మెలిక విప్పే పొడవు కూడా 13 మిల్లీమీటర్లకి మించకూడదు.

సీసీ కెమెరాలు పెట్టించిన ఇళ్లలో ఇంకో సంగతి గమనించాలి. ఒకే కేబుల్‌లో నాలుగు వైర్లు నెట్‌కి, మిగతా నాలుగు కెమెరా కరెంటుకి వాడే అలవాటు కొందరు ఇన్‌స్టాలర్లకి ఉంది. ఆ కేబుల్‌ని తర్వాత కంప్యూటర్‌కి మళ్లించుకుంటే 100 దాటదు. పైగా ఆ వైర్లలో కరెంటు ఇంకా ఉందేమో చూసుకోకుండా కంప్యూటర్‌కి పెట్టడం ప్రమాదం.

గోడలోని పైపులో లాన్ కేబుల్‌నీ 230 వోల్టుల కరెంటు వైర్లనీ కలిపి లాగేస్తుంటారు. వేగం సంగతి పక్కన పెట్టినా ఇది ప్రాణాలకి మంచిది కాదు. తొడుగు ఎక్కడైనా కరిగితే కరెంటు నేరుగా కంప్యూటర్‌లోకి వస్తుంది. కొత్త ఇల్లు కడుతున్నవాళ్లు లాన్ కేబుల్‌కి వేరే పైపు వేయించండి. ఇప్పటికే కలిసి ఉంటే ఎలక్ట్రీషియన్ చేత విడదీయించండి.

ఎలుకలు కొరికిన చోటు, తలుపు కింద నలిగిన చోటు, క్లిప్ విరిగి కదిలే జాక్ కూడా చూడండి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి పిన్నులు పచ్చబడతాయి. పిడుగులు పడే వానాకాలం తర్వాత లింక్ వందకి దిగి, కేబుల్ మార్చినా పైకి రాకపోతే పోర్టే దెబ్బతిని ఉంటుంది. రౌటర్‌లో వేరే పోర్టు మార్చి చూస్తే ఏ వైపుదో తెలుస్తుంది.

పోర్టులూ కేబులూ బాగుండి కూడా 100 దగ్గరే ఉంటే ఒక సెట్టింగ్ చూడండి. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ మీద రెండుసార్లు నొక్కి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్ అన్నది ఆటో నెగోషియేషన్ (రెండు పోర్టులూ తమలో తాము వేగం కుదుర్చుకోవడం) మీద ఉండాలి. ఎవరో ఎప్పుడో 100 ఫుల్ డ్యూప్లెక్స్ (ఒకేసారి రెండు వైపులా పంపడం) అని పెట్టి వదిలేస్తే లింక్ వందకి దిగడమే కాదు, దారుణంగా తయారవుతుంది. ఇటువైపు బలవంతంగా ఫుల్ డ్యూప్లెక్స్, అటువైపు ఆటో ఉంటే, అవతలి పోర్టుకి ఇటు సంగతి తెలియక హాఫ్ డ్యూప్లెక్స్‌లోకి (ఒకసారికి ఒక వైపే పంపడం) వెళ్తుంది. ఒకరు ఎప్పుడైనా పంపుతారు, ఇంకొకరు ఖాళీ కోసం ఆగుతారు, ప్యాకెట్లు ఢీకొని పాడవుతాయి. పింగ్ బాగుంటుంది, డౌన్‌లోడ్ మొదలయ్యేసరికి కూలిపోతుంది. బలవంతంగా 1000 పెడితే వేగం వస్తుందని సలహా ఇచ్చేవాళ్లున్నారు. రాగి కేబుల్ మీద గిగాబిట్‌కి ఆటో నెగోషియేషన్ తప్పనిసరి. కేబుల్ లోపాన్ని ఆ సెట్టింగ్ బాగుచేయదు.

లింక్ 1000 ఉన్నా వేగం రాకపోతే

ముందు రౌటర్ దాకా దారి శుభ్రంగా ఉందో చూడాలి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో పింగ్ అని, పక్కన రౌటర్ అడ్రస్ కొట్టండి. చాలా ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1 అవుతుంది. చివర హైఫన్, టీ చేరిస్తే మీరు కంట్రోల్ సీ నొక్కేదాకా నడుస్తూనే ఉంటుంది. రెండు మూడు నిమిషాలు నడపనివ్వండి. కేబుల్ మీద ప్రతి జవాబూ ఒక మిల్లీసెకనుకి అటూ ఇటూగా రావాలి, ఒక్కటి కూడా పోకూడదు. మధ్యమధ్య టైమవుట్లు వస్తే మళ్లీ కేబుల్ దగ్గరికే వెళ్లాలి. నూటికి ఒక ప్యాకెట్ పోయినా పెద్ద డౌన్‌లోడ్ల వేగం బాగా పడిపోతుంది.

తర్వాత ఇంటి లోపలి వేగం కొలవండి. కేబుల్‌తో రౌటర్‌కి కలిపిన రెండో కంప్యూటర్ ఉంటే రెండింట్లో ఐపర్ఫ్3 అనే ఉచిత ప్రోగ్రామ్ ఎక్కించి, ఒకదాన్ని సర్వర్‌గా, రెండోదాన్ని క్లయింట్‌గా నడపండి. గిగాబిట్ లింక్ మీద 940 దగ్గర రావాలి. అది కష్టమనిపిస్తే ఎస్‌ఎస్‌డీ ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య పెద్ద ఫైల్ కాపీ చేయండి. సెకనుకి 110 మెగాబైట్ల దగ్గర పోతుంటే కంప్యూటర్, కేబుల్, రౌటర్ పోర్టులు మూడూ నిర్దోషులు. లోపం రౌటర్ నుంచి బయటికి వెళ్లే దారిలో ఉంది.

అక్కడ మొదటి అనుమానం రౌటర్ ప్రాసెసర్ మీదే. పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో లాగినయ్యే) కనెక్షన్లలో ప్రతి ప్యాకెట్‌కీ ఇంకో హెడర్ తగిలించి విప్పే పని రౌటర్‌దే. పాత రౌటర్లు 200, 300 దగ్గరే ఆయాసపడతాయి. క్వాలిటీ ఆఫ్ సర్వీస్ (ఏ పనికి ఎంత వేగమో పంచే సెట్టింగ్), పేరెంటల్ కంట్రోల్, ట్రాఫిక్ లెక్కలు లాంటివి ఆన్ చేస్తే కొన్ని రౌటర్లలో హార్డ్‌వేర్ వేగవర్ధకం ఆగిపోయి అంతా ప్రాసెసర్ మీద పడుతుంది. వాటిని ఒక్కొక్కటే ఆపి కొలిచి చూడండి. క్వాలిటీ ఆఫ్ సర్వీస్‌లో పాత ప్లాన్ నాటి 50 ఎంబీపీఎస్ పరిమితి అలాగే ఉండిపోయిందేమో కూడా చూడండి.

కంప్యూటర్ లోపల

అదే కేబుల్‌ని వేరే ల్యాప్‌టాప్‌కి పెడితే పూర్తి వేగం వచ్చి, మీ కంప్యూటర్‌లో రాకపోతే ఇప్పుడు లోపలికి చూడాలి. టాస్క్ మేనేజర్ తెరిచి ప్రాసెసెస్‌లో నెట్‌వర్క్ వరస మీద నొక్కితే ఎవరు ఎక్కువ వాడుతున్నారో పైకి వస్తారు. ఎక్కువగా కనబడేది ఫొటోలు, ఫైళ్లు క్లౌడ్‌లోకి పంపే ప్రోగ్రాములు. అప్‌లోడ్ తక్కువగా ఇచ్చే ప్లాన్లలో ఆ దారి నిండిపోతే డౌన్‌లోడ్ కూడా నెమ్మదిస్తుంది, ఎందుకంటే వచ్చిన డేటా అందిందని చెప్పే చిన్న ప్యాకెట్లు కూడా అదే వరసలో నిలబడాలి. ఆ ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లో అప్‌లోడ్ పరిమితి పెట్టండి.

విండోస్ అప్‌డేట్‌లోని డెలివరీ ఆప్టిమైజేషన్‌లో, గేముల లాంచర్లలో డౌన్‌లోడ్ పరిమితి ఉందేమో చూడండి. స్పీడ్ టెస్ట్ బాగుండి గేమ్ డౌన్‌లోడ్ ఒక్కటే నెమ్మదిస్తే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వైపు చూడండి. పాత హార్డ్ డిస్క్ 100 శాతం దగ్గర ఉంటే అడ్డం అదే, నెట్ కాదు.

తర్వాత సేఫ్ మోడ్ విత్ నెట్‌వర్కింగ్‌లో కంప్యూటర్ లేపి కొలవండి. అక్కడ వేగం వస్తే యాంటీవైరస్, వీపీఎన్, మదర్‌బోర్డుతో వచ్చే గేమింగ్ నెట్‌వర్క్ ప్రోగ్రాములు, ఈ మూడింట్లో ఒకటి కారణం అయ్యే అవకాశం ఎక్కువ. గడువు తీరిన యాంటీవైరస్ ఉంటే పూర్తిగా తీసేయండి, విండోస్ డిఫెండర్ దానంతటదే పని అందుకుంటుంది. సేఫ్ మోడ్‌లోనూ రాకపోతే పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటు లేపి కొలవండి, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఉబుంటులో వేగం వచ్చిందంటే హార్డ్‌వేర్ బాగుంది, విండోస్ డ్రైవరో సెట్టింగో తప్పు. అక్కడా రాకపోతే నెట్‌వర్క్ చిప్పే అనుమానం.

డ్రైవర్ కోసం మదర్‌బోర్డు లేదా ల్యాప్‌టాప్ తయారీదారు సైట్‌కే వెళ్లండి. డ్రైవర్ అప్‌డేటర్ అని ప్రకటనల్లో వచ్చేవి ఎక్కించకండి. కొత్త డ్రైవర్‌తోనూ మారకపోతే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్‌నెట్, గ్రీన్ ఈథర్‌నెట్ అన్నవి ఆపి చూడండి. ఇవి కరెంటు ఆదా కోసం పెట్టినవే. కొన్ని పాత స్విచ్‌లతో పడక లింక్ ఊరికే తెగి కలుస్తుంటుంది. నిద్ర నుంచి లేచాక లింక్ 10కో 100కో దిగి ఉండిపోతుంటే పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో ఈ పరికరాన్ని ఆపే అనుమతిని తీసేయండి.

ఇక దగ్గరి సర్వర్లతో బాగుండి దూరపు వాటితో నెమ్మదించే సమస్య. విండోస్‌లో టీసీపీ ఆటో ట్యూనింగ్ అనేది ఉంది. అవతలి నుంచి జవాబు కోసం ఆగకుండా ఒక్కసారికి ఎంత డేటా పంపనివ్వాలో దూరాన్ని బట్టి పెంచుకుంటుంది. వేగం పెంచే చిట్కా అని చెప్పి దీన్ని ఆపేయమనే వీడియోలు చాలా ఉన్నాయి. ఆపేస్తే ఆ పరిమాణం 64 కిలోబైట్ల దగ్గర ఆగుతుంది. హైదరాబాద్ సర్వర్ 5 మిల్లీసెకన్లలో ఉంటే 100 ఎంబీపీఎస్ దాకా వస్తుంది. 30 మిల్లీసెకన్ల దూరంలో ఉన్న సర్వర్ నుంచి ఒక్కో కనెక్షన్‌కి 17 దగ్గర ఆగిపోతుంది. అమెరికా సర్వర్ 200 మిల్లీసెకన్లు అనుకుంటే మూడు కూడా రాదు. అక్కడి నుంచి ఫైళ్లు దింపుకునే ఉద్యోగులకి ఇది చాలా ఇబ్బంది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో, నెట్‌ఎస్‌హెచ్ ఇంటర్‌ఫేస్ టీసీపీ షో గ్లోబల్ అని కొట్టండి. ఆటో ట్యూనింగ్ ఎదురుగా నార్మల్ అని ఉండాలి. డిసేబుల్డ్ అని ఉంటే మళ్లీ నార్మల్ చేయండి.

అలాంటి చిట్కాల్లో ఇంకో రెండు. విండోస్ 20 శాతం బ్యాండ్‌విడ్త్ దాచుకుంటుందనీ, గ్రూప్ పాలసీలో సున్నా పెడితే అది తిరిగొస్తుందనీ ఏళ్లుగా చెబుతున్నారు. ఏ ప్రోగ్రామూ అడగనప్పుడు ఆ వాటా అందరికీ అందుబాటులోనే ఉంటుంది, మార్చినా వేగం పెరగదు. డీఎన్‌ఎస్ మారిస్తే పేజీ తెరుచుకోవడం మొదలయ్యే ఆలస్యం తగ్గొచ్చు, డౌన్‌లోడ్ వేగం మారదు. ఇవన్నీ ప్రయత్నించి సెట్టింగ్స్ గందరగోళం అయిపోయిందనుకుంటే, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ ఉంది. అది నొక్కే ముందు వైఫై పాస్‌వర్డులూ, వీపీఎన్ వివరాలూ రాసి పెట్టుకోండి, అన్నీ పోతాయి.

ఇంట్లో అంతా బాగుందని తేలాక

ఓఎన్‌టీ గిగాబిట్ పోర్టుకి మంచి కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ని నేరుగా కలిపి కొలవండి. పీపీపీఓఈ లాగిన్ రౌటర్‌లో ఉంటే ఆ వివరాలు ల్యాప్‌టాప్‌లో ఇవ్వాల్సి రావచ్చు. అక్కడా వేగం లేకపోతే ముందు ప్లాన్ డేటా పరిమితి దాటిందేమో యాప్‌లో చూడండి. దాటితే ఆ బిల్లింగ్ గడువు ముగిసేదాకా తగ్గించిన వేగమే వస్తుంది.

బ్రౌజర్‌లో తెరిచే ఓఎన్‌టీ సెట్టింగ్స్ పేజీలో ఆప్టికల్ రిసీవ్ పవర్ (ఫైబర్‌లో అందే వెలుగు బలం) అని ఒక అంకె ఉంటుంది. మన ఇళ్లకి వచ్చే జీపాన్ రకం ఫైబర్ కనెక్షన్లలో సాధారణంగా అది మైనస్ 8కీ మైనస్ 27 డీబీఎంకీ మధ్య ఉండాలి. మైనస్ 27 దగ్గరికి వచ్చిందంటే ఫైబర్ ఎక్కడో బాగా వంగింది, లేదా జాయింటు పాడైంది. మీ ఇంట్లో ఆ సన్నని తీగ మేకు చుట్టూ మడిచి ఉందేమో చూసి, ఉంటే వెడల్పు వంపుతో సర్దండి. కొసను విప్పి తుడవడం, కొసలోకి తొంగి చూడడం చేయకండి. లోపల వచ్చే లేజర్ కంటికి కనబడదు, కానీ హాని చేస్తుంది.

ఫిర్యాదు చేసేటప్పుడు నెట్ స్లోగా ఉందని మాత్రమే చెబితే మళ్లీ రీస్టార్ట్ దగ్గరే మొదలవుతుంది. ఓఎన్‌టీకి నేరుగా కేబుల్‌తో కలిపానని, లింక్ 1000 ఉందని, ఫలానా తేదీల్లో ఫలానా టైముకి ఇన్ని అంకెలు వచ్చాయని, ఆప్టికల్ పవర్ ఇంత ఉందని చెప్పండి. స్క్రీన్‌షాట్లు పంపండి. ఫిర్యాదు నమోదు చేసినప్పుడు డాకెట్ నంబర్ (ఫిర్యాదు గుర్తింపు నంబర్) ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీది, అడిగి రాసుకోండి. పరిష్కారం రాకపోతే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీకీ అప్పీలు అథారిటీ ఉంటుంది. దాని ఈమెయిల్, ఫోన్ నంబర్ కంపెనీ సైట్‌లోనే దొరుకుతాయి. అప్పీలులో ఆ డాకెట్ నంబరూ, మీ కాగితం మీది అంకెలూ జతచేసి పంపండి.